స్విచ్ లేని షార్ట్: లిథియం అయాన్ సెల్ లోపల ఏం జరుగుతుంది

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బ్యాటరీ భద్రత మాట ఎత్తగానే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "బీఎంఎస్ ఉంది కదండీ, అది చూసుకుంటుంది." బీఎంఎస్ అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ వ్యవస్థ. చాలావరకు చూసుకుంటుంది, నిజమే. ఛార్జింగ్ ఎక్కువైతే ఆపుతుంది, బయట వైర్లు ఒకదానికొకటి తగిలితే ఆపుతుంది, వోల్టేజ్ మరీ కిందికి పోతే ఆపుతుంది. ఎలా ఆపుతుంది? కరెంటు వెళ్లే దారిలో ఉన్న మాస్‌ఫెట్ లేదా కాంటాక్టర్ అనే స్విచ్‌ని తెరిచి దారి తెంచుతుంది. అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు. సెల్ లోపలే ప్లస్ వైపు పదార్థం మైనస్ వైపు పదార్థానికి తగిలిందనుకోండి, ఆ కరెంటు టెర్మినల్ దాకా రానే రాదు. కాంటాక్టర్ తెరిచినా, ఫ్యూజు పోయినా, ప్యాక్‌ని ఊడదీసి బల్ల మీద పెట్టినా ఆ షార్ట్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అందుకే దీన్ని విడిగా మాట్లాడుకోవాలి. పుట్టకుండా ఎలా చూడాలి, పుడితే ఎలా పసిగట్టాలి, ముదిరితే పక్క సెల్‌కి అంటకుండా ఎలా కట్టడి చేయాలి అన్నదే ఇవాళ్టి విషయం.

ముందు లోపలి కొలతలు తెలియాలి. రాగి రేకు మందం 6 నుంచి 10 మైక్రాన్లు, దాని మీద గ్రాఫైట్ పూత. అది ఆనోడ్, మైనస్ వైపు. అల్యూమినియం రేకు 10 నుంచి 20 మైక్రాన్లు, దాని మీద నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఆక్సైడ్ (ఎన్ఎంసీ) గానీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్ఎఫ్‌పీ) గానీ. అది క్యాథోడ్, ప్లస్ వైపు. రెంటికీ మధ్య పాలిథిలిన్ లేదా పాలీప్రొపిలిన్ సెపరేటర్, 10 నుంచి 25 మైక్రాన్లు. వెంట్రుక కంటే పల్చన. పైగా అందులో సుమారు 40 శాతం రంధ్రాలే, వాటిలో ఎలక్ట్రోలైట్ నిండి ఉంటుంది. ఆ ఎలక్ట్రోలైట్ ఏమిటంటే ఇథిలిన్ కార్బొనేట్, డైమిథైల్ కార్బొనేట్ లాంటి మండే ద్రావకాల్లో కలిపిన లిథియం ఉప్పు. అంటే 4 వోల్టుల తేడా ఉన్న రెండు పదార్థాల్ని, మండే ద్రవంలో నానబెట్టి, వెంట్రుక కంటే పల్చటి ప్లాస్టిక్ పొరతో విడదీసి, చుట్టచుట్టి డబ్బాలో పెట్టాం.

ఈ పొర ఎలా దెబ్బతింటుంది? అందరికీ ముందు తట్టేది గుచ్చుకోవడం, నలిగిపోవడం. వాటికంటే మాయదారి దారులు ఉన్నాయి.

ఒకటి లోహపు రవ్వ. ఫ్యాక్టరీలో రేకు కోసే బ్లేడు నుంచి, వెల్డింగ్ నుంచి, కన్వేయర్ రాపిడి నుంచి ఇనుము, రాగి, నికెల్, జింక్ రవ్వలు రాలతాయి. రవ్వ సెపరేటర్ మందం కంటే చిన్నదైతే ప్రమాదం లేదనుకుంటారు. అది ఎటువైపు పడిందన్నది అసలు సంగతి. ఆనోడ్ మీద పడిన ఇనుప రవ్వ అక్కడి తక్కువ పొటెన్షియల్‌లో కరగదు, దాదాపు అలాగే ఉండిపోతుంది. అదే రవ్వ క్యాథోడ్ మీద పడితే, మొదటి ఛార్జింగ్‌లోనే కరిగి అయాన్లుగా మారి, సెపరేటర్ రంధ్రాల గుండా ఈది, ఎదురుగా ఉన్న ఆనోడ్ మీద మళ్లీ లోహంగా పేరుకుంటుంది. పేరుకున్న లోహం వెనక్కి, క్యాథోడ్ వైపు పెరుగుతుంది. పొరను గుచ్చే పరిమాణం లేని రవ్వ కూడా ఇలా వంతెన కట్టగలదు. 2006లో సోనీ సెల్స్ ఉన్న ల్యాప్‌టాప్ బ్యాటరీలను పెద్దయెత్తున వెనక్కి తెప్పించింది ఇలాంటి లోహపు రవ్వల వల్లే. డెల్ ఒక్కటే 41 లక్షల బ్యాటరీలను రీకాల్ చేసింది.

రెండోది లిథియం ప్లేటింగ్. ఛార్జింగ్‌లో లిథియం గ్రాఫైట్ పొరల మధ్యకు దూరాలి. దూరే వేగం కంటే వచ్చే వేగం ఎక్కువైతే ఉపరితలం మీదే లోహంగా పేరుకుంటుంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే ఇదే జరుగుతుంది. సెల్ పాతబడ్డాక కూడా పాత వేగంతోనే ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే ఇదే. ఆనోడ్‌ని క్యాథోడ్ కంటే అంచుల్లో మిల్లీమీటరు అటూఇటూగా పెద్దదిగా కోసేది ఇందుకే, అంచున వచ్చే లిథియానికి చోటు ఉండాలని. చుట్టేటప్పుడు ఆ అమరిక పక్కకి జరిగితే అంచు వెంబడే ప్లేటింగ్ మొదలవుతుంది. ఇలా పేరుకున్న లిథియం షార్ట్ చేయకపోయినా మంచిది కాదు. సెల్ వేడెక్కినప్పుడు అది ఎలక్ట్రోలైట్‌తో ముందుగా, తక్కువ ఉష్ణోగ్రతకే చర్య మొదలుపెడుతుంది.

మూడోది రాగి కరగడం. సెల్‌ని అడుగంటా డిశ్చార్జ్ చేస్తే ఆనోడ్ పొటెన్షియల్ పైకి పాకి రాగి రేకు కరిగే స్థాయికి వస్తుంది. కరిగిన రాగి ఎలక్ట్రోలైట్‌లో తిరుగుతుంది. మళ్లీ ఛార్జ్ పెట్టగానే ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. సిరీస్ ప్యాక్‌లో బలహీనమైన సెల్‌కి ఈ గతి ఎక్కువగా పడుతుంది. మిగతావి బాగానే ఉన్నా అదొక్కటి సున్నాకి, ఒక్కోసారి రివర్స్‌కి కూడా వెళ్తుంది.

ఇక తయారీ లోపాలు. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2017 జనవరిలో కంపెనీ బయటపెట్టిన దర్యాప్తు ఫలితాల్లో రెండు సరఫరాదారుల సెల్స్‌లో రెండు వేర్వేరు లోపాలు తేలాయి. ఒకదాంట్లో పౌచ్ (సెల్‌ని మూసి ఉంచే సంచి) మూలలో చోటు చాలక ఆనోడ్ వంగింది. రెండోదాంట్లో పాజిటివ్ ట్యాబ్ (రేకుని టెర్మినల్‌కి కలిపే లోహపు పట్టీ) వెల్డింగ్ దగ్గర బుర్రులు, అంటే లోహపు మొనలు, ఎత్తుగా లేచి, ఇన్సులేషన్ టేపునీ సెపరేటర్‌నీ చీల్చాయి. కొన్ని సెల్స్‌కి అసలు ఆ టేపే లేదు. 2021లో షెవర్లే బోల్ట్ కార్ల రీకాల్‌లో తేలింది ఇంకా ఆలోచింపజేస్తుంది: చిరిగిన ఆనోడ్ ట్యాబ్, మడతపడిన సెపరేటర్, ఈ రెండూ ఒకే సెల్‌లో పడితేనే నిప్పు. విడివిడిగా చూస్తే ఇన్‌స్పెక్షన్‌లో జారిపోయే లోపాలే.

సరే, తగిలింది. ఏది దేనికి తగిలిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నాలుగు రకాలు కుదురుతాయి. క్యాథోడ్ పూత ఆనోడ్ పూతకు తగిలితే నిరోధం ఎక్కువ, వేడి తక్కువ. క్యాథోడ్ పూత రాగి రేకుకు తగిలినా అంతే. అల్యూమినియం రేకు రాగి రేకుకు తగిలితే కరెంటు దండిగా పారుతుంది గానీ రెండూ వేడిని బాగా లాగేసే లోహాలు, ఒక్కోసారి ఆ తగిలిన చోటే కరిగి తెగిపోతుంది కూడా. అన్నింటికంటే చెడ్డది అల్యూమినియం రేకు ఛార్జ్ అయిన ఆనోడ్‌కి తగలడం. నిరోధం తక్కువ, కాబట్టి కరెంటు ఎక్కువ. గ్రాఫైట్ పూత రేకులంత బాగా వేడిని లాగలేదు, కాబట్టి వేడి అక్కడే నిలుస్తుంది. పైగా అన్నింటికంటే ముందు కుళ్లే పొర ఉన్నది ఆ ఆనోడ్ మీదే. అల్యూమినియం ట్యాబ్ మీద, పూత అయిపోయే అంచున ఇన్సులేషన్ టేపు ఎందుకు అతికిస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పల్చటి టేపు ముక్కే కదా అని లైన్‌లో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు కాస్త లెక్క. 3 ఆంపియర్ అవర్ల 18650 సెల్ (18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవున్న గొట్టం ఆకారపు సెల్) తీసుకోండి, వోల్టేజ్ 4 అనుకుందాం. లోపల 10 కిలో ఓమ్‌ల షార్ట్ ఉందంటే కరెంటు 0.4 మిల్లీ ఆంపియర్లు, వేడి 1.6 మిల్లీవాట్లు. చేత్తో పట్టుకున్నా తెలియదు. 1 కిలో ఓమ్ అయితే 4 మిల్లీ ఆంపియర్లు, 16 మిల్లీవాట్లు. ఇదీ తెలియదు. 10 ఓమ్‌లకు వస్తే 1.6 వాట్లు, సెల్ గోరువెచ్చబడుతుంది. 1 ఓమ్ అయితే 16 వాట్లు, ఇక ఆలస్యం లేదు. అన్నింటికంటే దారుణం సున్నా ఓమ్ అనుకుంటున్నారు కదూ? కాదు. షార్ట్ నిరోధం సెల్ అంతర్నిరోధంతో సమానమైనప్పుడు ఆ చిన్న చుక్క దగ్గర వెలువడే శక్తి గరిష్ఠం. అంతర్నిరోధం 30 మిల్లీ ఓమ్‌లైతే, షార్టూ 30 మిల్లీ ఓమ్‌లైతే, కరెంటు సుమారు 66 ఆంపియర్లు, ఆ చుక్కలో 130 వాట్ల పైన. ఆవగింజంత చోటులో 130 వాట్లు. నిరోధం ఇంకా తగ్గితే వేడి ఎక్కువగా సెల్ అంతటా పరుచుకుంటుంది, ఒకచోట గుమికూడదు.

షార్ట్ మొదట్నుంచీ ఇంత పెద్దదిగా పుట్టడం అరుదు. కిలో ఓమ్‌లలో మొదలై, ఛార్జింగ్ సైకిళ్లతో పెరుగుతూ, నెలల తరబడి ఉండవచ్చు. మనకు దొరికే అవకాశమంతా ఆ నెలల్లోనే.

చుక్క వేడెక్కితే ఏం జరుగుతుందో చూద్దాం. 80 నుంచి 120 డిగ్రీల మధ్య ఆనోడ్ మీద ఉండే ఎస్ఈఐ అనే రక్షణ పొర కుళ్లడం మొదలవుతుంది, అది వేడిని వదిలే చర్య. పొర పోయిన చోట లిథియం నిండిన గ్రాఫైట్ ఎలక్ట్రోలైట్‌కి తగిలి మళ్లీ వేడి. 130 దగ్గర పాలిథిలిన్ కరుగుతుంది, 165 దగ్గర పాలీప్రొపిలిన్. 200 దాటాక, ఫుల్ ఛార్జ్‌లో ఉన్న ఎన్ఎంసీ క్యాథోడ్ తనలోని ఆక్సిజన్‌ని వదలడం మొదలెడుతుంది. నికెల్ శాతం పెరిగేకొద్దీ ఇంకా ముందే. ఇక బయటి గాలితో పని లేదు. ఇంధనం, ఆక్సిజన్, వేడి మూడూ డబ్బాలోనే ఉన్నాయి. దీన్నే థర్మల్ రనవే అంటాం. ఇక్కడ కిటుకు ఏమిటంటే, చర్యల వేడి ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతూ పోతుంది, చల్లబడే వేగం మాత్రం డిగ్రీకింత చొప్పున నెమ్మదిగానే పెరుగుతుంది. ఒక దశ దాటాక చల్లదనం ఎన్నటికీ అందుకోలేదు.

పాలిథిలిన్ కరగడాన్ని మనకు అనుకూలంగా వాడుకునే సెపరేటర్లు ఉన్నాయి. మూడు పొరల సెపరేటర్‌లో మధ్యది పాలిథిలిన్, అటూ ఇటూ పాలీప్రొపిలిన్. 130 దగ్గర మధ్య పొర కరిగి రంధ్రాలు మూసుకుపోతే అయాన్ల రాకపోకలు ఆగుతాయి, బయటి పొరలు ఆకారం నిలబెడతాయి. బయటి షార్ట్‌కి ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే సెల్ అంతా ఒకేసారి వేడెక్కుతుంది. లోపలి షార్ట్‌లో అలా కాదు. చుక్క దగ్గర 200 దాటేసరికి కాస్త దూరంలో ఇంకా 40 డిగ్రీలే ఉండవచ్చు. రంధ్రాలు మూసుకోవాల్సిన చోట మూసుకోలేదు, నిలబడాల్సిన చోట పొర ముడుచుకుపోయి కంత పెద్దదైంది. అల్యూమినా పూత వేసిన సెపరేటర్‌కి గిరాకీ అందుకే. ప్లాస్టిక్ కరిగినా 2 నుంచి 4 మైక్రాన్ల సిరామిక్ పొడి పొర మిగిలి, అంత త్వరగా ముడుచుకోనివ్వదు. సెల్ తలలో ఉండే, వేడెక్కితే నిరోధం పెరిగే పీటీసీ, పీడనానికి తెగే సీఐడీ కూడా లోపలి షార్ట్‌ని ఆపలేవు, అవి ఉన్నది టెర్మినల్ దారిలో. వెంట్ ఒక్కటే పనికొస్తుంది, డబ్బా పేలకుండా వాయువుని వదులుతుంది.

ఎంత వేడి వస్తుందంటారా? 3 ఆంపియర్ అవర్లు, సగటున 3.6 వోల్టులు, అంటే 39 కిలోజౌళ్లు. సెల్ బరువు 47 గ్రాములు, గ్రాముని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 1 జౌల్. విద్యుత్ శక్తి మొత్తం వేడిగా మారి అందులోనే ఉండిపోతే 800 డిగ్రీల పైన పెరుగుదల. ఎలక్ట్రోలైట్ మండితే వచ్చేది దీనికి అదనం. ఇదే సెల్ 30 శాతం ఛార్జ్‌లో ఉంటే పెరుగుదల 250 డిగ్రీలు. విమానంలో విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను 30 శాతానికి మించి ఛార్జ్ చేయకూడదని 2016 ఏప్రిల్ నుంచి అంతర్జాతీయ నిబంధన ఉంది. ఆ నిబంధన దేనికో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. స్టోరేజీలో ఫుల్ ఛార్జ్ పెట్టవద్దనేది కేవలం ఆయుష్షు కోసం కాదు.

ఇక పట్టుకోవడం. ఫ్యాక్టరీలో ఫార్మేషన్, అంటే మొదటి ఛార్జింగ్, అయ్యాక సెల్స్‌ని రోజులో వారాలో ఏజింగ్ గదిలో ఉంచుతారు, కొంతకాలం వేడిలో, తర్వాత గది ఉష్ణోగ్రతలో. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (ఏ లోడూ తగిలించనప్పటి వోల్టేజ్) కొలిచి, తేడాని కాలంతో భాగిస్తారు. దాన్ని కే వాల్యూ అంటారు. మన 10 కిలో ఓమ్‌ల షార్ట్ రోజుకి 9.6 మిల్లీ ఆంపియర్ అవర్లు తాగేస్తుంది. ఆ సెల్‌కి సగటున 1 మిల్లీ ఆంపియర్ అవర్‌కి 0.4 మిల్లీవోల్టు చొప్పున పడుతుంది కాబట్టి రోజుకి సుమారు 4 మిల్లీవోల్టులు. వారానికి 27. తేలిగ్గా దొరుకుతుంది. 100 కిలో ఓమ్‌లైతే రోజుకి 0.4 మిల్లీవోల్టే. గది ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితేనే వోల్టేజ్ 0.1 నుంచి 0.3 మిల్లీవోల్టు దాకా మారుతుంది. కాబట్టి రెండు కొలతలూ ఒకే ఉష్ణోగ్రతలో తీయకపోతే మంచి సెల్ పోతుంది, చెడ్డ సెల్ నెగ్గుతుంది. ఛార్జ్ ఆపిన వెంటనే మొదటి కొలత తీయడం ఇంకో సాధారణమైన తప్పు. వోల్టేజ్ తనంతట తాను కుదురుకోవడానికి కనీసం ఒక రోజు ఇవ్వాలి. ఎల్ఎఫ్‌పీ అయితే మధ్యలో వోల్టేజ్ బల్లపరుపుగా ఉంటుంది, అక్కడ కొలిచి ఏమీ లాభం లేదు. వోల్టేజ్ వాలు ఉండే తక్కువ ఛార్జ్ దగ్గర పెట్టి కొలవాలి. ఏజింగ్ రోజులు తగ్గించి స్టాక్ త్వరగా కదిలించాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడైతే గోటితో పోతుంది, ప్యాక్‌లో చేరాక గొడ్డలి కూడా చాలదు.

ప్యాక్‌లోకి వచ్చాక సంగతి కష్టమవుతుంది. 10 సెల్స్ ప్యారలల్‌గా ఉన్న గ్రూపులో ఒకదానికి 1 కిలో ఓమ్ షార్ట్ ఉందనుకోండి. రోజుకి 96 మిల్లీ ఆంపియర్ అవర్లు పోతాయి గానీ గ్రూపు సామర్థ్యం 30 ఆంపియర్ అవర్లు కావడంతో రోజుకి 0.32 శాతం మాత్రమే. మిగతా తొమ్మిదీ దాని లోటు పూడుస్తుంటాయి. పైగా పాసివ్ బ్యాలెన్సింగ్ ఏం చేస్తుంది? ఎక్కువున్న గ్రూపుల నుంచి వేడి రూపంలో ఖర్చుపెట్టి అన్నింటినీ తక్కువున్న గ్రూపుకి దించుతుంది. అంటే కారుతున్న గ్రూపుని బయటపెట్టాల్సింది పోయి కప్పెడుతుంది! డాష్‌బోర్డు మీద అన్నీ సమానంగా కనబడతాయి. చూడాల్సింది వోల్టేజ్ కాదు, బ్యాలెన్సింగ్ లాగ్. ఏ గ్రూపుకి బ్లీడ్ రెసిస్టర్ (అలా వేడిగా ఖర్చుపెట్టే నిరోధకం) ఎన్ని గంటలు ఆన్ అయిందో రాసిపెట్టుకుని చూస్తే, మిగతావన్నీ వారం వారం బ్లీడ్ అవుతూ ఒక్క గ్రూపు మాత్రం ఎప్పుడూ అవ్వకపోతే, దాన్ని అనుమానించాల్సిందే. ఆ లీక్ నెలనెలా పెరుగుతుంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు, మాడ్యూల్ మార్చాలి. బ్యాలెన్సింగ్ లాగ్ దాచుకోని బీఎంఎస్‌ని కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

షార్ట్ ముదిరితే అదే ప్యారలల్ గ్రూపు శత్రువవుతుంది. తొమ్మిది సెల్స్ తమ శక్తినంతా ఆ ఒక్కదాంట్లోకి కుమ్మరిస్తాయి. ప్రతి సెల్‌కీ సన్నటి ఫ్యూజ్ తీగ విడిగా పెట్టేది ఇందుకు. అది షార్ట్ అయిన సెల్‌ని రక్షించదు, తోడు సెల్స్‌ని దాన్నుంచి విడగొడుతుంది. దాని తర్వాత వేడి గోడలు: సెల్స్ మధ్య ఎడం, మైకా రేకులు, ఎయిరోజెల్ షీట్లు, వెంట్ నుంచి వచ్చే మంట పక్క సెల్ మీదికి కాకుండా బయటికి పోయే దారి. 2013 జనవరిలో బోస్టన్ విమానాశ్రయంలో ఆగి ఉన్న బోయింగ్ 787లో బ్యాటరీ కాలింది. ఒక సెల్‌లో లోపలి షార్ట్, దాన్నుంచి ఎనిమిది సెల్స్ ఉన్న బ్యాటరీ అంతటికీ పాకిందని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. తర్వాత చేసిన మార్పుల్లో సెల్స్ మధ్య ఇన్సులేషన్ పెంచడం, మొత్తాన్ని స్టీలు పెట్టెలో పెట్టి వాయువుని విమానం బయటికి వదిలే గొట్టం అమర్చడం ముఖ్యమైనవి. గమనించండి, షార్ట్ ఇక రాదని వాళ్లు అనుకోలేదు. వచ్చినా పెట్టె దాటకూడదనుకున్నారు.

పరీక్షల గురించి ఒక్క మాట. మేకు గుచ్చే పరీక్షకి పేరు ఎక్కువ, విలువ తక్కువ. మేకు ఒకేసారి అన్ని పొరల్నీ కలుపుతుంది, తానే వేడిని బయటికి లాగుతుంది. మేకు లావు, వేగం, లోహం మారితే ఫలితం మారుతుంది. జపాన్ ప్రమాణంలో వచ్చిన ఫోర్స్‌డ్ ఇంటర్నల్ షార్ట్ పరీక్ష అసలు విషయానికి దగ్గర. ఛార్జ్ చేసిన సెల్‌ని విప్పి, 0.2 మిల్లీమీటరు ఎత్తు, 0.1 వెడల్పు, ఒక్కో వైపు 1 మిల్లీమీటరు పొడవున్న ఎల్ ఆకారపు నికెల్ ముక్కని పొరల మధ్య పెట్టి, మళ్లీ చుట్టి, వోల్టేజ్ 50 మిల్లీవోల్టులు పడేదాకా నొక్కుతారు. విప్పే పని చాలా ప్రమాదకరం, పొడి గదిలో అలవాటున్నవాళ్లే చేయాలి. అమెరికాలో పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ఎన్ఆర్ఈఎల్, నాసా కలిసి చేసిన పరికరం ఇంకో దారి. తయారీలోనే సెల్ లోపల పెట్టేస్తారు, 57 డిగ్రీల దగ్గర మైనం పొర కరిగి షార్ట్ మొదలవుతుంది. ఏ రెండు పొరల మధ్య కావాలో మనమే ఎంచుకోవచ్చు.

ప్రశ్నలకు వద్దాం.

(సభ నుంచి ప్రశ్న: చాలాకాలం పక్కన పడేసిన సెల్ 1 వోల్టుకి పడిపోయింది. తక్కువ కరెంటుతో మెల్లగా ఎక్కిస్తే లేస్తుంది కదా?)

లేస్తుంది, అదే ప్రమాదం. లోపల రాగి కరిగిందో లేదో బయట నుంచి చూసే వీలు లేదు. కెపాసిటీ టెస్ట్‌లో కూడా బాగానే రావచ్చు. ఛార్జర్‌లోని ప్రీ-ఛార్జ్ దశ కొద్దిగా కిందికి పోయిన సెల్స్ కోసం పెట్టింది, చచ్చినవాటిని బతికించడానికి కాదు. 2 వోల్టుల కింద రోజుల తరబడి ఉన్న సెల్‌ని నేను ప్యాక్‌లో పెట్టనివ్వను.

(ప్రశ్న: ఎల్ఎఫ్‌పీ అయితే ఈ గొడవే లేదంటారు?)

గొడవ తగ్గుతుంది, పోదు. ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, శక్తి తక్కువ, కాబట్టి ఉష్ణోగ్రత అంత ఎక్కదు. కానీ వెంట్ అయిన వాయువులో హైడ్రోజన్ పాలు ఎక్కువ. వెంటనే అంటుకోకపోవడం మంచిదే అనిపిస్తుంది, మూసిన గదిలోనో కంటైనర్‌లోనో అయితే ఆ వాయువు పోగై తర్వాత ఏదో నిప్పురవ్వకి పేలుతుంది. ఎల్ఎఫ్‌పీ పెట్టిన గదికి గాలి ఆడే ఏర్పాటు, హైడ్రోజన్ సెన్సర్ తప్పనిసరి.

(ప్రశ్న: ఉబ్బిన బ్యాటరీని ఏం చేయాలి? మంట వస్తే ఏ సిలిండర్ వాడాలి?)

ఉబ్బినదాన్ని నొక్కకండి, గుచ్చి గాలి తీయకండి, ఛార్జ్ పెట్టకండి. వాడకం ఆపి, టెర్మినల్స్‌కి టేపు వేసి, మూత బిగించని ఇనుప డబ్బాలో పొడి ఇసుక మధ్య పెట్టి, భవనానికి దూరంగా, ఎండా వానా తగలని చోట ఉంచండి. పక్కన పడి ఉన్న బ్యాటరీ ఊరికే వెచ్చగా ఉన్నా, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తీపి వాసన వచ్చినా, బుస్సుమన్నా దగ్గరికి వెళ్లే సమయం దాటిపోయింది. మనుషుల్ని బయటికి పంపండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి, తడి గుడ్డ ముక్కుకి కట్టుకుంటే సరిపోదు. పౌడర్, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు మంటని ఆర్పుతాయి గానీ సెల్‌ని చల్లబరచవు, నిమిషాల్లో మళ్లీ అంటుకుంటుంది. కావాల్సింది నీళ్లు, దండిగా, ఆగకుండా. పెద్ద ప్యాక్ అయితే అగ్నిమాపక సిబ్బంది పనే. ఆరిన తర్వాత కూడా దాన్ని గంటల తరబడి, పెద్ద ప్యాక్ అయితే రోజుల తరబడి, మండే సామాను ఏదీ లేని ఆరుబయట ఉంచి, థర్మల్ కెమెరాతో చూస్తుండాలి. కాలిన ప్యాక్‌లో కాలని సెల్స్ ఛార్జ్‌తోనే ఉంటాయి.